అద్దెకున్న రాజుగారు

ఒకానొక రాజ్యంలో ప్రజలే కాదు, రాజు కూడా అద్దెకే ఉండేవాడు.

వినేవాళ్ళకు వింతగా ఉంటుంది గానీ పులిగట్టు రాజ్యంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. అక్కడి రాజుల వంశానికి మూలపురుషుడు, పొరుగు రాజు తరిమితే ఆవుల మందతో సహా పారిపోయి వచ్చి ఒక గుట్ట ఎక్కాడట. గుట్ట మీద గుట్టమ్మ అనే దేవత ఉండేది. గుట్టా, దాని చుట్టూ పొలిమేరల దాకా నేలా ఆమెవే. "తల్లీ, నీ చోట నన్ను ఉండనీ. అద్దె ఇచ్చుకుంటాను. ఇది నాది అని ఏనాడు నోరు జారితే ఆనాడే గుట్ట దిగి వెళ్ళిపోతాను" అని ఒట్టు పెట్టుకున్నాడట. అది మొదలు ఏటా వైశాఖ పున్నమినాడు ఆ వంశపు రాజులు గుడికి వెళ్ళి చాటెడు కొర్రలు, ఒక కొత్త గొంగడి అద్దెగా ఇచ్చేవారు. గుడిలో పూజ చేసే అవ్వ అమ్మవారి తరఫున, "నా ఇల్లు ఎట్లుండాది బిడ్డా?" అని అడిగేది. "నువ్విచ్చినప్పుడు ఎట్లుందో అట్లే ఉంచాను తల్లీ" అని రాజు చెప్పేవాడు. అప్పుడామె ఒక తమలపాకు ఆయన చేతిలో పెట్టేది. ఆ ఆకు అందితేనే రాజు ఇంకో ఏడాది సింహాసనం మీద కూర్చోవాలి.

మన కథ జరిగేనాటికి ఈ తంతు మొదలై ఏడు తరాలైంది. అడిగే మాటా, చెప్పే మాటా అందరికీ నోటికి వచ్చేశాయి కాబట్టి వాటి అర్థం గురించి ఆలోచించేవాళ్ళు లేకుండా పోయారు.

అప్పటి రాజు పేరు రణరంగరాయుడు. పేరులో రణం ఉందే గానీ ఆయన పుట్టి బుద్ధెరిగి యుద్ధం చూసినవాడు కాదు. ఆ లోటు తీర్చుకోవడానికి కాబోలు, శాసనాలు వేయిస్తుండేవాడు. కోటలో గుర్రాలు ఏ దిక్కుకు తిరిగి నీళ్ళు తాగాలో శాసనం ఉండేది. తాను తుమ్మినప్పుడు ఎవరు ముందుగా "చిరంజీవ" అనాలో దానికీ ఒక శాసనం ఉండేది. శాసనం చదివేటప్పుడు ఆయన గడ్డం పైకెత్తి, అరచేతిని గాలిలో ఆడిస్తూ, తన మాటలు తానే విని మురిసిపోయేవాడు.

ఆయన సభలో తిప్పన్న అనే హాస్యగాడు ఉండేవాడు. బక్కమనిషి, పలచని మీసం, సూదిలాంటి నోరు. రాజు ముఖం చిట్లితే దాన్ని విప్పడం తిప్పన్న ఉద్యోగం. ఇరవై ఏళ్ళుగా ఆ పని ఎంత బాగా చేశాడంటే, తిప్పన్న పెదవి కదిపితే చాలు, ఏమన్నాడో వినకముందే సభ సగం నవ్వేసేది.

కోట కింద నేతవాళ్ళ వీధి ఉంది. అందులో నలభై మిద్దెలు. రాజుగారి తాత కట్టించినవి. నేతవాళ్ళు ఏడాదికి రెండు చీరలు కోటకు అద్దెగా ఇచ్చి వాటిలో ఉంటున్నారు. ఆ ప్రాంతపు మిద్దె సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. గోడల మీద దూలం, దూలం మీద వాసాలు, వాటి మీద కంప పరిచి మట్టి కొడతారు. ఆ మట్టి మీద ఏటా వానలకు ముందు చవుడు పోయాలి. చవుడంటే ఉప్పు తేలిన తెల్లమన్ను. అది పరిస్తే నీటిబొట్టు కిందికి దిగదు. కాకపోతే కొత్త చవుడు పోసేముందు పాత మట్టిని గీకి తీసేయాలి. లేకపోతే ఏడాదికేడాది బరువు పెరిగిపోతుంది. తాతగారి కాలంలో ఈ పనంతా కోటవాళ్ళే మనుషులను పెట్టి చేయించేవారు. రణరంగరాయుడి కాలం వచ్చాక ఆ మనుషులు ఉద్యానవనంలో నెమళ్ళను మేపే పనికి మళ్ళారు.

ఒక వేసవిలో నాగప్ప అనే నేతగాడు సభకు వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, పొట్టిగా, నెమ్మదిగా ఉంటాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, మా మిద్దె కారతాంది. వానొస్తే మగ్గం గుంటలో మోకాటిలోతు నీళ్ళు నిలబడతాండాయి. దూలం వంగింది. మట్టి మేమే పోసుకుంటాం. దూలం మాత్రం మార్పించల్ల. మాను కొట్టాలంటే అడవికి తమ ముద్ర కావల్ల గదా" అన్నాడు.

మగ్గం గుంట అంటే నేతగాడు కాళ్ళు దించి కూర్చునే గొయ్యి. కాళ్ళతో పలకలు తొక్కితేనే మగ్గం ఆడుతుంది. ఆ గుంటలో నీళ్ళుంటే పని లేదు.

రాజు ముఖం చిట్లింది. అప్పుడే ఆయన నెమళ్ళ మీద ఒక శాసనం చదవబోతున్నాడు. "ఏమంటావు తిప్పన్నా?" అని అడిగాడు.

తిప్పన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ప్రభూ, గుంటలో నీళ్ళున్నాయి, గట్టున నేసేవాడున్నాడు. ఒక వల నేసుకుంటే పొద్దున బట్ట, సాయంత్రం చేప. ఇంటితో పాటు చెరువు కూడా అద్దెకిచ్చిన ప్రభువును నేను ఇదివరకు చూడలేదు" అన్నాడు.

సభ విరగబడి నవ్వింది. మంత్రి కళ్ళు తుడుచుకున్నాడు. రాజు పొట్ట పట్టుకుని నవ్వి, వేలి ఉంగరం తీసి తిప్పన్నకు ఇచ్చాడు. ఆ ఊపులోనే గడ్డం పైకెత్తి అరచేయి ఆడించాడు. "నేటినుండి ఇదే మా ఆజ్ఞ. అద్దె ఇచ్చి ఇంట్లో ఉన్నవాడే ఆ ఇంటిని బాగుచేయాలి. తన చేతులతో చేయాలి. ఇల్లు ఇచ్చినవారికి ఏ బాధ్యతా లేదు" అన్నాడు. లేఖకుడు తాటాకు మీద రాసుకున్నాడు.

నాగప్ప కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే తానొక్కడూ నవ్వకపోతే బాగుండదని నవ్వాడు. దండం పెట్టి, తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ నవ్వు తిప్పన్న చూశాడు. చూసి, ఉంగరం వేలికి సరిపోయిందా లేదా అని వేలు తిప్పుకున్నాడు.

ఆ ఏడు నేతవాళ్ళు ఆజ్ఞ ప్రకారమే మిద్దెలు బాగుచేసుకున్నారు. అడవికి పోనివ్వరు కాబట్టి దూలం జోలికి పోలేదు. చేతికి దొరికేది చవుడు. అది పోశారు. పాతది గీకితే కిందినుంచి వెలుతురు కనబడే మిద్దెలవి, అందుకని గీకలేదు. కారిన చోటల్లా ఇంకో తట్టెడు, ఆ పైన ఇంకో తట్టెడు. స్వాతి కార్తెలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున నాగప్ప మగ్గం మీద కూర్చుని ఉండగా దూలం విరిగి మిద్దె మిద్దెంతా కిందికి దిగింది. భార్య కదిరమ్మ నీళ్ళకు వెళ్ళింది కాబట్టి బతికిపోయింది. నాగప్ప కూడా బతికాడు. దూలం తొడల మీద పడింది. కాళ్ళు పోయాయి.

కబురు విన్న తిప్పన్న వీధికి వెళ్ళాడు. నాగప్పను ఎదురింటి వసారాలో నులకమంచం మీద పడుకోబెట్టారు. ఆ వసారా కప్పు కూడా మధ్యలో బాన పొట్టలా కిందికి దిగి ఉంది. దానికింద మగ్గం కర్ర ఒకటి ఆసరాగా పెట్టారు.

తిప్పన్నకు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇరవై ఏళ్ళలో అలా జరగడం అదే మొదలు.

నాగప్పే మాట్లాడాడు. "కూసోండి సామీ. ఆ పొద్దు మీరు చెప్పిన మాట బాగుండె. ఇంటికొచ్చి దీనికీ చెప్తి. ఇదీ నవ్వె" అన్నాడు.

కదిరమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె నవ్వలేదు. "మాట బాగుండె సామీ. మాను ఒకటి ఇప్పించి ఆ మాట చెప్పింటే ఇంకా బాగుండు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే తిప్పన్న తట్టుకునేవాడేమో.

ఆ రోజు ఇంటికి వెళ్ళి ఉంగరం తీసి పెట్టెలో పడేశాడు. అన్నం సహించలేదు. తాను నాగప్ప మీద మట్టి పోయలేదు, దూలం విరవలేదు. ఒక మాట అన్నాడు, అంతే. కానీ సభలో నాగప్ప అడిగింది న్యాయమని రాజుకు తెలియకపోయినా తనకు తెలుసు. రాజు తనవైపు తిరిగి అడిగాడు. ఆ ఒక్క క్షణంలో రాజు మనసు ఎటైనా ఒరిగేదే. తాను దాన్ని నవ్వువైపు ఒరిగించాడు. ఇలా ఆలోచించి ఆలోచించి అతనికి తన నోటి మీదే అసహ్యం పుట్టింది.

మరునాడు సభలో రాజు ముందు నిలబడి, "ప్రభూ, నేతవాళ్ళ వీధిలో మిగిలిన ముప్పైతొమ్మిది మిద్దెలూ కూలేటట్టున్నాయి. మట్టి బరువుకు దూలాలు ఆగవు. వాటిని తమరే మార్పించాలి. పోయినసారి నేనన్నది తప్పు" అన్నాడు.

రాజు కాసేపు అతని ముఖం చూసి ఫక్కున నవ్వాడు. "చూశారా, నవ్వకుండా ఎలా చెబుతున్నాడో! తరువాత? చేపలు ఎక్కడ దాకా వచ్చాయి?" అన్నాడు. సభ నవ్వింది.

"నేను హాస్యమాడటం లేదు ప్రభూ."

సభ ఇంకా నవ్వింది. మంత్రి పడీపడీ నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. తిప్పన్న మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ నవ్వారు. నవ్వించడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి నిజం చెబితే నమ్మించడానికి వేరే దారి వెతుక్కోవాల్సిందే. ఆ సంగతి తెలిసి అతను నోరు మూసుకుని కూర్చున్నాడు.

చలికాలం గడిచింది. ఎండలు ముదిరాయి. మృగశిర కార్తె వస్తే వానలు. ఆలోగా దూలాలు మారకపోతే మళ్ళీ ఏ మిద్దె కింద ఎవరుంటారో చెప్పలేం. వీధిలో అప్పుడే ఆడవాళ్ళు తట్టలతో చవుడు మోస్తున్నారు. అది చూసిన రోజు తిప్పన్న గుట్ట ఎక్కి గుడికి వెళ్ళాడు.

పూజ చేసే అవ్వకు ఎనభై ఏళ్ళుంటాయి. వెన్ను వంగిపోయింది గానీ మాట గట్టిది. తిప్పన్న నాగప్ప సంగతంతా చెప్పాడు. తాను సభలో ఏమన్నాడో అదీ దాచలేదు.

అవ్వ అమ్మవారి దీపం ఎగదోసింది. తరువాత, "ఏటా అడుగుతానే ఉండాను నాయనా, నా ఇల్లు ఎట్లుండాదని. బాగుండాదంటారు. ఆకిస్తాను. ఒక్కనాడన్నా గుట్ట దిగి చూసొస్తామనుకోల్యా. నాదీ ఉండాది తప్పు" అంది.

"ఈసారి చూస్తావా అవ్వా?"

"చూస్తాను. చూడందే ఆకియ్యను" అంది అవ్వ.

మరునాటి సభలో తిప్పన్న వినయంగా లేచాడు. "ప్రభూ, ఇళ్ళ మీద తమరు వేసిన శాసనం ఇంకా తాటాకు మీదే ఉంది. నెమళ్ళ శాసనం రాతికెక్కింది, గుర్రాల శాసనం రాతికెక్కింది. అంతకంటే గొప్పదాన్ని పురుగులకు వదిలేయడం నాకు బాధగా ఉంది" అన్నాడు.

రాజుకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టు ఉంది. "చెక్కించు. ఎక్కడ నిలబెడదాం?"

"పున్నమినాడు రాజ్యమంతా గుడి దగ్గర చేరుతుంది. గుడి ముందరే నిలబెడితే అందరూ చదువుకుంటారు. ఎవరికీ మినహాయింపు లేదని చివర ఒక మాట వేయించమంటారా?"

రణరంగరాయుడు గడ్డం పైకెత్తాడు. "ఎవరికీ అంటే చప్పగా ఉంది. ఎంతటివాడికైనా మినహాయింపు లేదు అని వేయించు. శాసనమంటే గంభీరంగా ఉండాలి" అన్నాడు.

"చిత్తం. ఆ మాట నాకు తట్టలేదు" అన్నాడు తిప్పన్న. వంగి దండం పెట్టాడు. ఇది బెడిసికొడితే తల ఉండదని అతనికి తెలుసు. అయినా ఆ వసారాలో మంచినీళ్ళు తాగుతూ కూర్చున్న రోజుకంటే ఇది తేలికగానే అనిపించింది.

వైశాఖ పున్నమి వచ్చింది. పొద్దున్నే రాజు ఏనుగు దిగి, మేళతాళాలతో గుట్ట ఎక్కాడు. ఎర్రగుడ్డ కప్పిన కొత్త రాయి గుడి ముందు నిలబడి ఉంది. రాజే స్వయంగా గుడ్డ తొలగించి, జనమంతా వినేలా చదివాడు. "అద్దె ఇచ్చి ఇంట్లో ఉన్నవాడే ఆ ఇంటిని బాగుచేయాలి. తన చేతులతో చేయాలి. ఇల్లు ఇచ్చినవారికి ఏ బాధ్యతా లేదు. ఎంతటివాడికైనా మినహాయింపు లేదు." చివరి మాటను రెండుసార్లు చదివాడు. నేతవాళ్ళు ఒక పక్కగా నిలబడి తలలు వంచుకున్నారు. వాళ్ళలో కదిరమ్మ కూడా ఉంది.

ఆ తరువాత రాజు కొర్రల చాట, గొంగడి అవ్వ ముందు పెట్టి చేతులు జోడించాడు.

"నా ఇల్లు ఎట్లుండాది బిడ్డా?" అంది అవ్వ.

"నువ్విచ్చినప్పుడు ఎట్లుందో అట్లే ఉంచాను తల్లీ" అన్నాడు రాజు. ఆకు కోసం చేయి చాపాడు.

అవ్వ ఆకు తీయలేదు. "అట్లేనా? నేతోళ్ళ వీధిలో మిద్దె ఒకటి కూలెనంట గదా. ముప్పైతొమ్మిది కూలేదానికి సిద్దంగా ఉండాయంట" అంది.

రాజు చేయి అలాగే గాలిలో ఉండిపోయింది. ఏడు తరాలలో ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు. మంత్రి మేళగాళ్ళను ఆగమన్నట్టు సైగ చేశాడు, వాళ్ళు అప్పటికే ఆపేశారు.

"వాటితో అమ్మవారికేం పని? ఆ మిద్దెలు నా..." అని రాజు ఆగిపోయాడు. మూలపురుషుడి ఒట్టు గుర్తొచ్చింది. 'నావి' అనే మాట బయటికి వస్తే ఆయన ఆ పూటే గుట్ట దిగి, రాజ్యం దాటి పోవాలి. పెళ్ళాం పిల్లలు పక్కనే నిలబడి చూస్తున్నారు.

"నా... నేతవాళ్ళవి" అన్నాడు చివరికి. "అందులో అద్దెకున్నది వాళ్ళు. శాసనం ప్రకారం వాళ్ళే బాగుచేసుకోవాలి."

అప్పుడు తిప్పన్న ముందుకొచ్చి నేల మీద సాష్టాంగపడి లేచాడు. "ప్రభూ, వాళ్ళు అద్దె ఇచ్చేది తమకు. తమరు అద్దె ఇచ్చేది అమ్మకు. అమ్మవారు నాగప్పను ఎరగదు, ఆమె ఇల్లిచ్చింది తమ వంశానికి. పొలిమేర నుంచి పొలిమేర దాకా అమ్మ ఇల్లే కదా. అందులో అద్దెకున్నవారు తమరే" అన్నాడు.

రాజు ముఖం కందగడ్డలా అయింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"అద్దెకున్నవారితో ప్రభూ. కాదు, మేము యజమానులం అంటారా, అప్పుడు అమ్మవారితో తమ పూర్వికులు చేసుకున్న ఒప్పందం సంగతి చూసుకోవాలి. అద్దెవాళ్ళమే అంటారా, అప్పుడు ఈ రాయి సంగతి చూసుకోవాలి. రెండింట్లో ఏది నిజమో తమరు సెలవిస్తే మేము దాన్నే నమ్ముతాం."

రాజు రాయివైపు చూశాడు. ఎంతటివాడికైనా అనే మాట మిగతా వాటికంటే పెద్ద అక్షరాలతో ఉంది. అలా చెక్కమని తానే అన్నాడు.

అవ్వ కర్ర పట్టుకుని లేచింది. "ఇంత మాటలెందుకు? నడువు బిడ్డా. నా ఇల్లు నాకు చూపించు. చూసినాక ఆకిస్తా" అంటూ గుట్ట దిగసాగింది. వంగిన వెన్నుతో ఆమె ఒక్కో మెట్టూ దిగుతుంటే, ఆకు చేతికి రాని రాజు వెనక నడవక తప్పలేదు. రాజు నడిస్తే మంత్రి నడిచాడు, మంత్రి నడిస్తే సభ నడిచింది. గుట్ట కింద ఆగిన ఖాళీ ఏనుగు వాళ్ళ వెనక వచ్చింది.

నేతవాళ్ళ వీధిలో రాజు అడుగుపెట్టడం అదే మొదటిసారి. నాగప్ప మిద్దె ఉన్న చోట మట్టిదిబ్బ, దాని నడుమ విరిగిన దూలం మొదలు. పక్క మిద్దెలోకి వంగి వెళ్ళాడు. కప్పు తలకు తగిలేంత కిందికి దిగి ఉంది. ముసలివాడొకడు మగ్గం మీద కూర్చుని, ఒక్కో పోగుకు ఒకసారి పైకి చూస్తూ నేస్తున్నాడు. రాజును చూసి లేవబోయాడు. కప్పుకు తల తగిలి మట్టి రాలింది. రాజు కిరీటం మీద, భుజాల మీద కూడా రాలింది.

బయటికొచ్చి నిచ్చెన ఎక్కి మిద్దె పైకి చూశాడు. మోకాలు ఎత్తున చవుడు పేరుకుని ఉంది.

"ఇంత మట్టి ఎందుకు పోశారు? మీకు బుద్ధి లేదా?" అన్నాడు.

కదిరమ్మ నాలుగడుగులు ముందుకొచ్చింది. "బాగుచేసుకోమని తమరే అంటిరి సామీ. మాకాడ ఉండేది మట్టే" అంది.

రణరంగరాయుడు నిచ్చెన మీదే నిలబడిపోయాడు. గడ్డం కిందికి దిగింది. ఆయన పొగరుబోతే గానీ రాయి కాదు. అలా చాలాసేపు ఆ మట్టినీ, కింద నిలబడ్డ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. తరువాత ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో ఆ తెల్లమట్టి చారెడు తీసి మిద్దె అంచున ఉన్న తట్టలో వేశాడు. ఇంకో చారెడు వేశాడు. బరువుకు నిచ్చెన కిర్రుమంది, ఆయన కాలు జారింది. మంత్రి పరుగెత్తుకొచ్చి వెనకనుంచి ఎత్తిపట్టుకున్నాడు. మట్టి మంత్రి మీసాల మీద పడింది.

ముందుగా ఎవరో పిల్ల కిసుక్కుమంది. ఆ తరువాత రాజే నవ్వాడు. నిచ్చెన ఊగేంత నవ్వు అది. "తిప్పన్నా, మాట నాదే, రాయి నాదే, పెద్ద అక్షరాలు కూడా నావే. నన్ను కట్టేయడానికి తాడు నాచేతనే పేనించావు కదయ్యా" అన్నాడు. వీధంతా నవ్వింది. కిందికి దిగి, మెడలో ముత్యాల హారం తీసి తిప్పన్న మెడలో వేశాడు. జరీ శాలువా కప్పాడు. "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ఏటా వానలకు ముందు తమరు ఈ వీధికి వచ్చి, ఇల్లు ఎట్లుందని ఒక్కో గడపలో అడగాలి ప్రభూ. బాగుందని చెప్పి తీరాలనే నియమం మాత్రం పెట్టకండి" అన్నాడు తిప్పన్న.

రాజు సరేనన్నాడు. ఆ సాయంత్రమే మాన్లు కొట్టడానికి అడవి ముద్ర వేయించి ఇచ్చాడు. కోట వడ్రంగులంతా వీధికి వచ్చారు. మృగశిర వచ్చేలోగా నలభై ఇళ్ళకూ కొత్త దూలాలు పడ్డాయి. పాత రాతిని బోర్లా తిప్పి రెండో వైపు కొత్త శాసనం చెక్కించారు. దూలం, గోడ, కప్పు, తలుపు ఇల్లిచ్చినవాళ్ళవి. అలకడం, ఊడవడం, వాడుకునేది శుభ్రంగా ఉంచడం ఇంట్లో ఉన్నవాళ్ళవి. పాత మట్టి గీకకుండా కొత్త మట్టి పోయరాదు. ఆ రాయి నిలబెట్టిన రోజు అవ్వ రాజు చేతిలో తమలపాకు పెట్టి తల నిమిరింది.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడితో ముగిస్తారు. రాజు నవ్వాడు, హారం వేశాడు, విన్నవాళ్ళు సుఖంగా నిద్రపోవచ్చు. నాకు మాత్రం ఆ తరువాత జరిగింది చెప్పకుండా లేవబుద్ధి కాదు.

మొదటి దూలాలు వీధికి వచ్చిన రోజు తిప్పన్న హారాన్నీ శాలువానూ మడిచి చంకలో పెట్టుకుని ఎదురింటి వసారాలోకి వెళ్ళాడు. నాగప్ప మంచం మీద ఆనుకుని కండెలకు నూలు చుడుతున్నాడు. ఇప్పుడు మగ్గం మీద కూర్చునేది కదిరమ్మ. కాళ్ళు లేనివాడికి మిగిలింది ఈ చేతిపని. కాళ్ళు బాగున్న రోజుల్లో ఆ పని ఆమెది.

గుట్ట మీద జరిగిందంతా తిప్పన్న నోటనే వినాలని నాగప్పకు ఉంది. తిప్పన్న మొదటినుంచి చెప్పాడు. రాజు 'నా' అని ఆగిపోయిన చోటికి వచ్చేసరికి నాగప్ప కండె జారవిడిచి నవ్వాడు. మంత్రి మీసాల దగ్గర కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. ఈసారి అది సభలో నవ్విన నవ్వు కాదు, నిజం నవ్వు. తిప్పన్న అది చూసి మనసు కాస్త తేలిక చేసుకుందామనుకున్నాడు.

నవ్వు తగ్గాక నాగప్ప కండె చేతిలోకి తీసుకుని అడిగాడు. "రాజు అమ్మోరికి అద్దె ఇచ్చేది ఎన్నేండ్లుగా ఉండాది సామీ?"

"ఏడు తరాలుగా."

"అయితే నేను సభకొచ్చిన దినం కూడా ఉండె."

"ఉండింది" అన్నాడు తిప్పన్న.

నాగప్ప కాసేపు నూలు చుట్టాడు. ఎదుటి మనిషి ముఖం చూసి అతనికే జాలేసింది. "అప్పుడు తమకు తోచలేదేమో లే సామీ. అందరికీ అన్నీ ఆ పొద్దుకే తోచవు" అన్నాడు.

ఔనంటే సరిపోయేది. నాగప్ప ఆ దారి తనకోసమే తెరిచి పెట్టాడని తిప్పన్నకు తెలుసు. ఎదురు వరసలో ఒక మిద్దె మీద కొత్త దూలం ఎక్కిస్తున్నవాళ్ళు తాళ్ళు లాగుతూ కేకలు వేస్తున్నారు. అవి సద్దుమణిగే దాకా ఆగాడు.

"తోచకపోవడం కాదు నాగప్పా. ఆ రోజు నేను వెతకలేదు" అన్నాడు.